ఎడమ తలుపు

తాటిపాక సెంటరు దాటాక, ఐసు ఫ్యాక్టరీ గోడవార
మోషే కొట్టు. కొట్టంటే ఏముంది,
నాలుగు రేకులు, ఓ బల్ల,
రంగు డబ్బాలో పచ్చిమిరప మొక్క.

"రెండూ మార్చేద్దామండీ," అన్నాడు,
"కుడిది బొంగురు, ఎడమది మూగ."
పద్దెనిమిదేళ్ల పికప్పు నాది.
కొబ్బరికాయల కింద నడుం వంగిపోయింది గానీ
సెల్ఫు ఇప్పటికీ ఒక్క దెబ్బకే పడుద్ది.

ముందు అద్దం తిప్పే పిడి పీకాడు.
తర్వాత మరలు, ఏడు. ఎనిమిదోది ఎప్పుడో రాలిపోయింది,
దాని చోట తాతబ్బాయి కొట్టిన మేకు.
ముదురుకాయ డొక్క ఒలిచినట్టు
కర్రుమంటూ వచ్చింది ప్యాడు.

లోపల ఓ గీత.
జానెడెత్తున, దారం పట్టి గీసినట్టు.
గీత కింద అంతా ఎర్రమన్ను.
మోషే వేలితో గీకి చూశాడు. "ఏ ఏడు వరదండీ ఇది?"

లంకలోంచి కాయ ఎక్కించుకొస్తుంటే
కాజ్‌వే మీద నీళ్లు బండిని పట్టుకున్న ఏడు.
తాతబ్బాయి లుంగీ ఎగ్గట్టి బయటికి దూకాడు,
తొడల్లోతు నీళ్లల్లో బండికి ముందు నడిచాడు,
రోడ్డెక్కడుందో అరికాళ్లతో వెతికి
"పోనీ, పోనీ" అని చెయ్యూపుతూ.
తర్వాత నాలుగుసార్లు కడిగించాం.
తలుపు కడుపులో చూసిందెవరు?

స్పీకరు కాగితం నాని, ఎండి, మళ్లీ నాని
మెత్తబడిన అప్పడంలా ఉంది.
దాని వెనక ఓ నత్తగుల్ల,
ఓ బీడీకట్ట కాగితం. అద్దం సందులోంచి
వాడే జారవిడిచి ఉంటాడు.

పదకొండేళ్లు వాడిదే ఆ సీటు.
చించినాడ వంతెన ఎక్కితే అతుకు అతుక్కీ కుదుపు,
కుదుపు కుదుపుకీ పాట పోయేది.
పిడికిలితో తలుపుకి ఒక్కటి వేసేవాడు, వచ్చేది.
ప్యాడు మీద ఆ సొట్ట,
చిన్న కొబ్బరిచిప్పంత.

ఇప్పుడు పాలకొల్లులో వేరేవాళ్ల బండెక్కుతున్నాడు.
వందకి నాలుగు కాయల కొసరు,
అది ఎవరికి చెందాలో అన్న చోట చెడింది.
నాదే తప్పని అనను. వాడిదనీ
ఈమధ్య అనడం మానేశాను.

కొత్తవి పాత కన్నంలో పట్టలేదు.
మోషే పడవ చెక్క ముక్కోటి తెచ్చి
గుండ్రంగా కోశాడు, కనుబొమ్మల నిండా రంపపు పొట్టు.
బిగించి పాట పెడితే
రెండూ మోగుతున్నాయి, డప్పు మాత్రం వినపడదు.

"తీగలు తిరగబడ్డాయండి," అన్నాడు.
"ఒకటి ఊపిరి పీలుస్తుంటే రెండోది వదుల్తోంది.
విడివిడిగా రెండూ బానే ఉంటాయండి,
కలిపితేనే చప్పగా."

గోడ గడియారంలోంచి సెల్లు తీసి తీగలకి ఆనించాడు.
కుడిది బయటికి ఉబ్బింది.
ఎడమది లోపలికి పోయింది.
తీగలు మార్చి మళ్లీ ఆనించాడు, టప్పున బయటికి.
నేను మిరప మొక్క వంక చూస్తూ ఉన్నాను.
మూడు పూతలు, ఒక పిందె.

"సొట్ట తీసేయమంటారా? వేణ్ణీళ్లు పోసి
వెనకనించి నొక్కితే వచ్చేస్తది."
ఉండనిమ్మన్నాను.

పదిహేడొందలన్నాడు, నూరు తగ్గించాడు.
కింద రాలిన ఎర్రమన్ను దోసిట్లోకి ఊడ్చి
డబ్బాలో మొక్క మొదట్లో పోశాడు.
"కొన్న ఎరువు దీని ముందెంతండీ!"
గడియారంలో సెల్లు పెట్టడం మాత్రం మర్చిపోయాడు.

దిండి దాటాను. వంతెనెక్కాను.
అతుకు. అతుకు. అతుకు.
పాట ఎక్కడా తెగలేదు, డప్పు
పక్కటెముకల్లో కొడుతోంది.
స్టీరింగు మీంచి నా ఎడమ చెయ్యి లేచింది.
అలవాటని కూడా అనలేను, అది నా అలవాటు కాదు.
అవతలి తలుపుదాకా అందక
గేరు రాడ్డు మీద దిగింది.

ఏటి అవతల పాలకొల్లు.
కాయ దింపడానికి
ఎటూ మనిషి కావాలి.