మూడో వరసలో ఒక కన్ను

శనివారం ఆఖరి పంటు దాటించేసి
టికెట్ల సంచి ఆఫీసులో అప్పజెప్పి
నర్సాపురం రేవు నుంచి ఇల్లు చేరేసరికి ఏడున్నర.
అక్కడ నాలుగు.
మూడున్నర గంటలు నా వెనకాల ఉంటుంది మా అక్క.
చిన్నప్పుడు బడికి పోయే గట్టు మీద
వెనకబడి ఏడ్చేవాణ్ణి నేను.

మలావీ ఏ పక్కనుందో అమ్మకి తెలీదు.
"సముద్రంలో దిగాక కుడిచేతికా, ఎడంచేతికా?"
అంతర్వేది వైపు చెయ్యి చాపి
ఇటే, తిన్నగా, అన్నాను.
అబద్ధమే.
కానీ మా నీళ్ళు వెళ్ళేది అటేగా.

అక్క పేరు నిరీక్షణ.
నాన్న పెట్టాడు.
సరంగుగా పోటు కోసం చూసీ చూసీ
అదొక్కటే పేరు తోచుంటుంది ఆయనకి.
ఇరవై నాలుగేళ్ళు. మిషన్ ఆస్పత్రిలో నర్సు.
పగలు పుళ్ళు కడుగుతుంది, పొద్దుగూకాక వాక్యం చెబుతుంది.
ఎవరో కానుకగా కోడిని ఇచ్చారట,
దానికి ఎలీషా అని పేరు పెట్టేసింది.
ఇంకేం కోసుకుంటుంది!

అక్కడ ముసలివాళ్ళు కూడా తనని "అమాయి" అంటారట.
అమాయి అంటే వాళ్ళ మాటలో అమ్మ.
అమ్మ చాలాసేపు ఆలోచించి,
"ఇక్కడ అమ్మాయి, అక్కడ అమ్మ.
విమానంలో ఒక ఒత్తు జారిపోయిందన్నమాట" అంది.

పాస్టరుగారు ఎదురైనప్పుడల్లా అడుగుతారు,
ఎందరు బాప్తిస్మం తీసుకున్నారని.
అమ్మ ఫొటోలు మాత్రమే అడుగుతుంది.

ఈ శనివారం వచ్చిన ఫొటోలో పొడుగాటి వసారా.
కాన్పుకి ముందే దూరాభారం నడిచొచ్చి
రోజులు లెక్కపెట్టుకునే ఆడవాళ్ళు
నిండు పొట్టల మీద మోచేతులు ఆనించి
లేసు అల్లుతున్నారు.
పదమూడు సూదులు.
అమ్మ బియ్యంలో మెరిగలు ఏరినట్టు
రెండు వేళ్ళతో ఫొటోని పెద్దది చేసింది.
ముఖాలు దాటింది, పొట్టలు దాటింది,
దారం దగ్గర ఆగింది.

"మూడో వరసలో ఒక కన్ను తప్పింది.
అందరిదీ తప్పింది!
నీకు నేర్పింది ఇదేనంటే?"
ఫోన్లోకి కోప్పడి, పులుసు కలపడానికి లేచింది.

పులుసు మరగక ముందే జవాబు.
అక్క నవ్వు, దాని వెనకాల ఎవరిదో పసిబిడ్డ ఏడుపు.
"నేను తెచ్చుకున్న నమూనా నీదేనమ్మా.
కీర్తనల దగ్గర గుర్తుగా పెట్టుకునేదానివే, ఆ ముక్క.
దాని జోడు నీ పెట్టెలో ఉంటుంది, చూసుకో.
వీళ్ళు నువ్వు చేసిన తప్పుతో సహా నేర్చుకున్నారు."

అమ్మ ట్రంకుపెట్టె తెరిచింది.
కలరా ఉండల వాసన.
దీపం కింద పెట్టి లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది.
తర్వాత నా వైపు చూసింది,
ఏదో నేనే చేసినట్టు.

"ఆ రోజు పాటుకి నీళ్ళు లాగేసి
పంటు ఇసకలో కూరుకుపోయింది.
మీ నాన్న సఖినేటిపల్లి గట్టునే ఉండిపోయాడు.
మూడో వరసలో ఉండగా నొప్పులొచ్చాయి.
నువ్వేరా.
వారానికి మళ్ళీ సూది పట్టుకున్నా గానీ
ఎక్కడ ఆపానో గుర్తులేదు."
ఏజెంటు రెండు ముక్కలూ వెనక్కి కొట్టాడట.
డబ్బులు కోసి, దారం ఖర్చు కూడా కోసి.
సరిగ్గా వచ్చుంటే
ఏ దేశపు బల్ల మీదో, ఏ టీ కప్పు కిందో
ఈపాటికి చిరిగిపోయేవి.

నాకేం అనాలో తెలీలేదు.
నేను పుట్టిన చోటు
పదమూడు మంది చేతుల్లో
చిన్న ఖాళీగా ఉందక్కడ.

పులుసు మాడింది.
అమ్మ ఫోను నోటి దగ్గర పెట్టుకుని,
గొంతు సవరించుకుని,
"సరేలే. ఏజెంటుకి మాత్రం చూపించకండి" అంది.

ఒకటే గీత పడింది.
అక్కడ కరెంటు పోయుంటుంది.
తెల్లారి మొదటి పంటు తాడు విప్పుతూ చూశాను,
రెండు.