ఫెటిల్

కీత్లీ. రాతలో ఒకటి, నోట్లో ఇంకొకటి అయిన ఊరు.
నా షిఫ్టులో మూడో ఇల్లు విల్ఫ్ హించ్‌క్లిఫ్‌ది.
"ఆ కెటిల్ కాస్త ఫెటిల్ చెయ్యి, పిల్లా" అన్నాడు
మొదటి రోజే.

ప్రాస కోసం అన్నాడనుకున్నా.
కడిగాను. తల అడ్డంగా ఊపాడు.
నీళ్ళు పోశాను. ఊహూఁ.
వదులైన పిడి మరని
వెన్న రాసే కత్తి మొనతో బిగించాక
"అదీ" అని కళ్ళు మూసుకున్నాడు.

పరీక్ష రాసి, ఏడున్నర మార్కులు తెచ్చుకుని
విమానమెక్కిన నా ఇంగ్లీషులో
ఈ క్రియ లేదు.

పొయ్యి తోమితే ఫెటిల్.
గుర్రానికి మాలీసు చేస్తే ఫెటిల్.
"వాడి పని పడతా" అన్నా అదేనట,
కాకపోతే పిడికిలి చూపించి అనాలి.
ఒంట్లో ఎలా ఉందని అడగాలంటే
"వాట్ ఫెటిల్?" చాలు.

ముప్పై ఎనిమిదేళ్ళు ఇనుప పోతల షెడ్డులో
ఆయన ఉద్యోగం పేరే ఫెట్లర్.
అచ్చులోంచి తీసిన ఇనుముకి
అంచుల వెంట మిగిలే రెక్కల్ని
ఆకురాయితో అరగదీయడం.
"అప్పటిదాకా అది పంపూ కాదు, పాడూ కాదు."
ఆ పొడి కొంత నేలమీద పడింది.
కొంత ఇంకా ఆయన దగ్గులో ఉంది.

శనివారం లైబ్రరీలో లావుపాటి నిఘంటువు తెరిచాను.
మాటకి ముత్తాత, పాత ఇంగ్లీషులో,
నడికట్టు.
నడుం బిగించడం నుంచి
సిద్ధం చేయడం, దాన్నుంచి చక్కబెట్టడం.
నేను గట్టిగా నవ్వితే
పేపరు చదివే పెద్దాయన ముఖం చిట్లించాడు.
భీమిలిలో వలలు బాగుచేసే మా నూకరత్నం పిన్ని
కొంగు నడుముకి చుట్టందే
ఒక్క ముడీ ముట్టేది కాదని
ఆయనకేం తెలుసు?

సోమవారం ఇదంతా విల్ఫ్‌కి చెప్పాను.
సగం విన్నాడు.
బెల్టు ఊడదీసి నా చేతిలో పెట్టాడు.
అప్పటికే మూడు సొంత చిల్లులున్నాయి,
ఒకటి వంకర.
"ఇంకొకటి. బొటనవేలంత లోపలికి."

షెడ్డులో మేకు దొరికింది, సుత్తి దొరికింది.
గుమ్మం మెట్టు మీద పెట్టి కొట్టాను.
తోలు పాతది, మొండికేసింది.
కొంగు లేదు కాబట్టి యూనిఫాం అంచు దోపుకుని
మళ్ళీ కొట్టాను.

ఆయన లేచి నిలబడ్డాడు.
ప్యాంటు నిలిచింది.
"వాట్ ఫెటిల్?" అన్నాను, ఆయన యాసలోనే.
నవ్వబోయాడు.
జవాబు కంటే ముందు దగ్గొచ్చింది.