రఫూ

ఆటకి ఇంకా పదకొండు రోజులుంది.
ఏలీషా పంపిన జాబితాలో నా పేరుకెదురుగా
"పడవ నడిపే మనిషి. మాట పోయింది. వయసు నీ ఇష్టం."
రోజంతా హెడ్‌సెట్ తగిలించుకుని
కార్డులు పోగొట్టుకున్నవాళ్ళతో మాట్లాడేదాన్ని,
మాట పోవడమంత హాయి ఏముందని
వెంటనే ఒప్పేసుకున్నాను.

ముందు తెడ్డు.
రాణిగంజ్‌లో కొన్న నల్ల ఫోమ్ షీటు,
లోపల పీవీసీ గొట్టం, కొసల్లో కుక్కిన పాత సాక్సులు.
దెబ్బ తగిలినా బొప్పి కట్టకూడదు, అది నియమం.
నా మోకాలి మీద, తర్వాత తమ్ముడి వీపు మీద పరీక్ష.
వాడు నవ్వాడు కాబట్టి పాసు.
జిగురు వాసనకి రెండు రాత్రులు వంటింట్లో పడుకున్నాం.

చొక్కాయే లొంగలేదు.
కోఠీలో కొన్న ముతక ఖద్దరు
ఎంతకీ కొత్తగానే ఉంటుంది.
టీ డికాక్షన్‌లో ఉడికించాను,
చిలకలగూడ డాబా మీద మూడెండలు ఆరేశాను,
కాళ్ళు తోముకునే రాయితో మోచేతుల దగ్గర రుద్దాను.
పక్కింటి సక్కుబాయి చూసి
"మంచి బట్టని గట్ల ఖరాబు చేస్తున్నవేందమ్మా,
ఎవలికన్న ఇస్తే తొడుక్కుందురు గద" అంది.
దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

విసుగొచ్చి భుజం దగ్గర కత్తెర పెట్టాను.
అది చిరుగులా లేదు. కత్తెర కోతలానే ఉంది.

అలా చేరాను పత్తర్‌గట్టీలో
గడియారాల కొట్టు మెట్ల కింద
అజ్మతుల్లా చాచా పీట దగ్గరికి.
చిరుగొకటి ఉండేదని ఎవరికీ తెలియనీయకపోవడమే
నలభై ఏళ్ళుగా ఆయన పని.
షేర్వానీల మీద సిగరెట్టు చిల్లులు,
పట్టుచీరల్లో ఎలుకలు తెరిచిన కిటికీలు
ఆ వేళ్ళ కింద మూసుకుపోతాయి.
నేనడిగాను: "కనపడేట్టు కుట్టాలి."

కళ్ళజోడు పైకి తోశాడు.
"కనబడితే గది రఫూ ఎట్లయితది బేటీ?
నా చెయ్యి బద్నాం అయితది."
చొక్కా మడిచి నా వైపు జరిపాడు.
చాయ్ వచ్చింది. తాగుతూ చెప్పాను,
గండిపేట అవతల బండల మధ్య
ముప్పైమందిమి రెండు పగళ్ళూ ఒక రాత్రీ
వేరేవాళ్ళమై బతుకుతామని.
"టికెట్ ఎంత?"
"చూసేవాళ్ళుండరు చాచా."
"మరి ఎవరి కోసం?"
"మా కోసమే."
కాసేపు సూదిమొనతో గోరు గీరుకున్నాడు.

అప్పుడు మొదలుపెట్టాడు.
ఎట్ల చినిగింది? ముల్లుకా, మేకుకా, మనిషి పట్టి గుంజితేనా?
బట్ట తడిగ ఉండెనా? తడిబట్ట వేరే తీరుగ చినుగుతది.
కుట్టింది ఎవరు? నువ్వే అయితే
ఎడమ భుజానికి కుడిచెయ్యి అందుతది గాని
కుట్టు వంకరపోతది.
వేరేవాళ్ళయితే, విప్పి ఇచ్చినవా,
ఒంటి మీద ఉండంగనే కుట్టిన్రా?

ఏలీషా ఇచ్చిన కాగితంలో ఇన్ని గళ్ళు లేవు.
బలం ఎంత, భయం దేనికి, సంచిలో ఎన్ని నాణేలు,
అంతే.
తడుముకుంటూ చెప్పాను.
మనిషి గుంజితే. నీళ్ళలో.
నేను వదిలించుకున్నాను. అతను రాలేదు.
కుట్టింది అతని తల్లి.
అన్నాక గానీ తెలియలేదు
పడవవాడి మాట ఎక్కడ పోయిందో.

ఆయన ఏమీ అనలేదు.
నా కోతని రెండు చేతులా పట్టి
ఇంకో జానెడు చింపాడు. ఆ చప్పుడుకి
గడియారాల కుర్రాడు తలెత్తాడు.
నల్లదారం. పెద్ద పెద్ద కుట్లు, మొదట బిగువు,
మధ్యలో ఒకచోట ముడి,
అక్కణ్ణుంచి వదులు.
"ఇక్కడ ఆమెకి ఏడుపొచ్చింది" అన్నాడు దారం కొరుకుతూ.
ఎనభై రూపాయలు. బేరం ఆడనివ్వలేదు.

మిగతావి మామూలే.
ఓఆర్ఎస్ పొట్లాలు, దోమల మందు, డజను పిన్నీసులు,
నడుంపట్టీ లోపల ఇన్‌హేలరుకి చిన్న జేబు,
బండల మీద జారకుండా
చెప్పుల అడుగున సైకిలు ట్యూబు ముక్కలు.

శనివారం పొద్దున మెట్టుగూడ స్టేషన్‌లో
తెడ్డు స్కానర్‌లోంచి బయటికొచ్చింది.
"ఇదేంది?" అంది సెక్యూరిటీ ఆమె.
"తెడ్డు."
"ఏ చెరువుకి?"

నోరు తెరిచాను. ఇందాకటిదే ఆఖరి మాటలా ఉంది.
ఊరికే భుజం మీద చెయ్యేసుకున్నాను.
ఆమె ఆ కుట్టు వైపు చూసింది,
ముడి దగ్గర కాస్త ఆగింది,
పొమ్మని చెయ్యూపింది.