ఏడో గాటు

స్టోన్‌హౌస్‌పేటలో నా అంగడి. బైండింగు పని.
మైదా జిగురులో చిటికెడు మైలుతుత్తం కలపాలి,
లేకుంటే నాకన్నా ముందు పురుగు చదివేస్తుంది.

అద్దె పుస్తకాల పెంచలయ్య
'ముంపుదీవి' అయిదు సంపుటాలూ
మూడుమార్లు తెచ్చి నా ముందు పడేశాడు,
చదివిన వేళ్లకు అట్టలు ఊడి, వెన్ను విరిగి.
కుట్టాలంటే ముందు విప్పాలి.
విప్పినోడు చదవకుండా ఎట్టా ఉంటాడు?

అట్టా తెలుసు నాకు ఆ దీవి.
దానికి తొమ్మిది రేవులు, ఏ రేవులో ఏ ఒట్టు చెల్లుతుందో,
ఉప్పు మీద ప్రమాణం చేసినోడు ఎన్నాళ్లు చప్పిడి తినాలో,
రాజు పెంచుకున్న మొసలికి ముత్తాత పేరేందో.
కథకు వాటితో పనిలేదు.
రాసినాయనకు ఉంది.
పేజీ అడుగున చీమంత అక్షరాల్లో రాసుకుంటా పోయాడు,
పెన్నలో చెలమ తీస్తే నీళ్లు ఊరినట్టు.

అందులో ఒక పడవమనిషి, వీరి.
కూలి అడక్కుండా ఎవరినన్నా దాటిస్తే
తెడ్డు పిడి మీద ఒక గాటు పెట్టుకుంటుంది.
ఎందుకని ఎవరూ అడగరు. ఆమె చెప్పదు.
మూడో సంపుటం నూటతొంభై రెండో పేజీకి ఆరు గాట్లు.
ఆ వెనక పేజీ రెండొందల తొమ్మిది.

పదహారు పేజీలు. ఒక ఫారం ఫారమే లేదు.
ఎవరన్నా పీక్కుపోయారో, ప్రెస్సులోనే పడలేదో.
రెండొందల తొమ్మిదిలో ఖాళీ పడవ ఒడ్డుకొస్తుంది.
తెడ్డు లేదు, వీరి లేదు, ఆ మాటెత్తేవాళ్లు లేరు.
"కుట్టేదానికి డబ్బులిచ్చానా మస్తానూ, ఏడ్చేదానికా?"
అన్నాడు పెంచలయ్య.
ఇంకో ప్రతి కోసం కావలి పోయినాను, వేటపాలెం పోయినాను.
ఇరవై రెండేళ్లు.

ఇప్పుడది సినిమా అయింది.
మా అక్క మనవడు గౌస్ టికెట్లు తెచ్చాడు.

మొసలికి ముత్తాత లేడు.
తొమ్మిది రేవులూ కలిపి ఒకటే రేవు చేసి
దాని మీద డ్యాన్సు పెట్టారు.
ఉప్పు ప్రమాణం మాత్రం ఉంది:
విందులో సేనాపతి, వడ్డించే చెయ్యిని పక్కకు నెట్టి
చప్పిడి ముద్ద మింగుతాడు. అరక్షణం.
ఎందుకో ఎవరూ చెప్పలా.
ఆ ముద్ద నా గొంతులో అడ్డం పడింది.
గౌస్ పాప్‌కార్న్ నములుతున్నాడు.

వీరి లేనే లేదు.
పదహారు పేజీలు వెతుక్కుంటా వచ్చినోణ్ణి నేను,
వీళ్లు మనిషినే చించేశారు.

లేచిపోదామనుకున్నా.
అప్పుడు కల్లుపాకలో కొట్లాట. బల్లలు విరగతా ఉండాయి,
కుండలు పగలతా ఉండాయి, హాలంతా హీరో మోచేతి మీద ఉంది.
వెనక గోడకు, దీపం పక్కన,
ఒక తెడ్డు.
పిడి మీద గాట్లు.
నిలబడి గాల్లో వేలుపెట్టి లెక్కేశాను,
కుట్టు చిల్లులు లెక్కేసినట్టు.
ఏడు.

"కూర్చోబ్బా పెద్దాయనా, తెర కనపళ్లా!"

ఏడు.
అంటే ఆ రాత్రి ఎవరినో దాటించింది.
దాటించి, గాటు పెట్టుకునేదాకా బతికే ఉంది.
తెడ్డును ఎవరో నీళ్లల్లోంచి తీసి, పొయ్యిలో పెట్టకుండా,
గోడకు తగిలించారు.
సెట్టు వేసినవాళ్లల్లో ఎవరో, వడ్రంగో, రంగులేసే పిల్లో,
నా దగ్గర లేని ఫారం చదివారు.
చదివి, పదహారు పేజీల్నీ గోరంత గాట్లో కుక్కి,
ఎవరూ చూడని చోట పెట్టి ఊరుకున్నారు.
నా పనీ అంతే. కుట్టు పైకి కనపడితే
బైండింగు బాగలేదంటారు.

లేకుంటే ఉలి జారిందేమో.
ఆ మాటా అనుకున్నాను, మెట్లు దిగతా.

"ఎట్టుంది తాతా సినిమా?" అన్నాడు గౌస్, బండి తిప్పతా.
రేపు మ్యాట్నీకి ఇంకొక టికెట్ తియ్యమన్నాను,
తెర కింద, మొదటి వరస.
"ఆడ కూర్చుంటే మెడ పట్టేస్తుంది" అన్నాడు.
పట్టనీలే అన్నాను.