కొక్కేనికి వేలాడే కోటు

స్కాట్లండ్ తూర్పు తీరంలో గాలి
సముద్రం మీంచి తిన్నగా మా గోల్ఫ్ క్లబ్బులోకే వస్తుంది.
తలుపు తట్టదు, టై కట్టుకోదు.
మిగతా అందరికీ గుమ్మం దగ్గర ఒక బోర్డుంది:
కాలరు లేని చొక్కా వద్దు, జీన్స్ వద్దు,
లోపల టోపీ వద్దు,
సాయంత్రం ఏడు దాటితే కోటు తప్పదు.

మరిచిపోయి వచ్చినవాళ్ళ కోసం
బారు వెనక కొక్కేనికి ఒక కోటు ఉంటుంది.
ముదురు నీలం. ఎవరి కొలతా కాదు.
ముప్ఫై ఒక్క ఏళ్ళుగా దాన్ని దులిపేది నేనే.
జేబుల్లో ఏమేం దొరికాయనుకున్నారు?
కొరికిన పెన్సిలు ముక్క,
సగం చప్పరించి మళ్ళీ కాగితం చుట్టిన టాఫీ,
ఒకసారి ఎవరిదో అంత్యక్రియల కార్డు,
దాని వెనక పద్దెనిమిది గుంతల లెక్క.
ఓడిపోయాడు పాపం, ఆరు దెబ్బల తేడాతో.

ఒక జడ్జి తొడుక్కున్నాడు దాన్ని.
ఒక ప్లంబరు తొడుక్కున్నాడు.
చేతులు ఇద్దరికీ పొట్టే.

ఇవాళ కమిటీ కూర్చుంది,
బోర్డు ఉంచాలా, పీకేయాలా అని.
లెక్కలు చూసే లోరిమర్ అన్నాడు:
"పక్క క్లబ్బులో కుర్రాళ్ళు హుడీలతో ఆడుతున్నారు,
అక్కడ గడ్డేం చచ్చిపోలేదు.
ఇక్కడ సభ్యులే చచ్చిపోతున్నారు."
కెప్టెన్ అన్నాడు:
"ఇవాళ కాలరు, రేపు బూట్లు, ఎల్లుండి..."
ఎల్లుండి ఏమిటో ఆయనకీ తోచలేదు.

డ్రైస్‌డేల్ గారు నిలబడింది, ఎనభై రెండేళ్ళావిడ.
"నా పెళ్ళైన కొత్తలో
ప్యాంటుతో ఆడనిచ్చేవారు, ప్యాంటుతో లోపలికి రానిచ్చేవారు కాదు.
కారు వెనక సీట్లో ముడుచుకుని
లంగా మార్చుకునేదాన్ని, జనవరిలో.
నాకు చలి గుర్తుంది.
మర్యాద గుర్తు లేదు."

అప్పుడు రట్రే, మూల కుర్చీలోంచి, లేవకుండానే:
"మా ఆవిడ పోయాక
గురువారం గురువారం చొక్కా నేనే ఇస్త్రీ చేసుకుంటున్నాను.
టై ముడి వేసుకోవాలి కాబట్టే
మంచం దిగుతున్నాను.
బోర్డు తీసేయండి, మీ ఇష్టం.
ఎవరి కోసం అని మాత్రం నన్నడక్కండి."
కప్పుల్లో చెంచాలు ఆగిపోయాయి.
ఆయన కాలరు మీద
కొంచెం మాడిన మరక నాకొక్కదానికే కనిపించింది.

కర్స్టీ మాట ఎవరూ ఎత్తలేదు.
పీతల పడవవాడి కూతురు, పదిహేనేళ్ళది.
నిరుడు వేసవిలో దాని బంతి
వాగు దాటి జెండా పక్కన పిట్టలా వాలింది.
తల మీద హుడీతో గుమ్మం దాకా వచ్చింది,
బోర్డు చదివింది.
నేనే ఈ కోటు అందించాను, ఏదో ఉపకారంలా.
ఒక చెయ్యి దూర్చి, వాసన చూసి, తిరిగిచ్చేసింది.
"ఇది నాది కాదుగా."
గోడ మీద కూర్చుని గాలిలో రొట్టె తింది.
మళ్ళీ రాలేదు.

నన్నూ ఎవరూ అడగలేదు.
నల్ల చొక్కా, నల్ల వెయిస్ట్‌కోటు,
గుండె మీద ఇష్‌బెల్ అని ఇత్తడి బిళ్ళ.
నా బట్టల గురించి తీర్మానమేదీ
అజెండాలో లేదు.
ఖాళీ కప్పులు తీసుకెళ్తూ విన్నాను,
ఆరుకి ఆరు, వచ్చే ఏడాదికి వాయిదా.

కార్లన్నీ వెళ్ళాక వాన పట్టుకుంది.
తలుపు దగ్గర ఇన్నెస్,
ఇక్కడి ప్రతి గడ్డిపోచా తెలిసినవాడు,
ఏనాడూ వెనక తలుపు దాటి వచ్చినవాడు కాదు,
ఇవాళ దాని తాళం చెవి పారేసుకుని
ముందు తలుపు దగ్గర నిలబడ్డాడు, తడిసి ముద్దై.
బూట్ల కింద పాత పేపరు పరిచాను.
పళ్ళు టకటకలాడుతున్నాయి మనిషికి.
కొక్కెం మీంచి కోటు తీసి భుజాల మీద వేశాను,
టీ పెట్టాను.

ముప్ఫై ఒక్క ఏళ్ళలో మొదటిసారి
ఆ కోటు చలికి పనికొచ్చింది.
చేతులు, ఎప్పట్లాగే, పొట్టే.