పదహారు పేజీల ఫారం

ముసురు పట్టి మూడోరోజు.
సంతపేటలో మెట్ల కింద నా బైండింగు కొట్టు.
మైదా జిగురులో మైలుతుత్తం వేసి తిప్పుతుంటే
పుస్తకాల్ని గొడుగు కింద, తనను వాన కింద పెట్టుకోని
వొచ్చేడు తిరుపాలు,
కాలేజీలో ఫిజిక్సు చెప్పే అబ్బయ్య.
"పెంచలమ్మక్కా, వీపు ఊడిపోయింది, కుట్టాల."

కుట్టేముందు ఓ పేజీ చదవడం
నాకుండే చెడ్డ అలవాటు.
దర్జీ ఎవరి చొక్కా అయినా తొడుక్కోని చూస్తాడా అని
మా మామ తిట్టేవాడు.

నాది పదో తరగతి ఇంగ్లీషు.
అయినా స్ట్రింగంటే తెలీదా? దారం.
లోకమంతా దారమేనంట.
అణువు లోపలికి, దాని లోపలికి,
ఇంకా లోపలికి పోతే
అక్కడుండేది గింజ కాదంట,
అదురుతుండే పోగంట.

ముప్పయ్యేళ్లు దారం తినిపించిందే నాకు,
ఈ సంగతి ఒక్కరూ చెప్పలేదే!

లైబ్రరీలో రవణమ్మను అడిగినా:
"దారాల పుస్తకం, తెలుగులో, లెక్కలు లేకుండా."
వెతికి వెతికి ఇచ్చింది,
పట్టుపురుగుల పెంపకం.
మళ్లీ పోతే వీణ పాఠాలు.
తీగె కూడా అదురుద్ది గదా, అనింది.
మూడోసారి పిల్లల సైన్సు పత్రిక.
సరిగ్గా ఆ వ్యాసం నడుమ నాలుగు పేజీలు లేవు.
పిన్ను కొట్టిన పుస్తకానికి అదే గతి.
ట్రంకురోడ్డు పాతపుస్తకాలాయన
"ఏ సెమిస్టరు?" అన్నేడు.

పుస్తకాలు తీసకపోను వొచ్చినప్పుడు
తిరుపాల్ని స్టూలు మీద కూలేసినా.
లెక్కల్లేకుండా చెప్పలేమక్కా అన్నేడు.
లెక్కలొస్తే నిన్నెందుకు అడుగుతా?

మైనం రాసిన నూలు పోగు బిగలాగి వేలితో మీటినా.
బిగిస్తే ఒక రొద, వదులు చేస్తే ఇంకో రొద.
ఒకే పోగు.
"అట్టాంటిదే," అన్నేడు, కళ్లు పెద్దవి చేసి.
"మరి ఆ పోగు దేంతో వడికినారు?"
"దేంతోనూ కాదు. అన్నీ దాంతోనే."
ఆ మాటకు నా చేతిలో దబ్బనం ఆగిపోయింది.

దిక్కులు పదంట. మనకు తెలిసేవి మూడు, కాలంతో నాలుగు.
"పది దిక్కులు మనోళ్లు ఎప్పుడో అన్నారు గదా?"
"అది వేరే పది, అక్కా. రెంటికీ ముడెయ్యొద్దు."
సరే, వెయ్యలేదు.
మిగతా ఆరూ ఏడుండాయి?
మడతబడి ఉండాయంట. ఎట్టా మడతో
చేత్తో చూపించబోయి, చూపించలేక, చేతులు జేబులో పెట్టుకున్నేడు.

అప్పుడు నేను ఫారం తీసినా.
బల్లంత కాగితం. ఒక మడత, రెండు, మూడు.
ఇప్పుడిది అరచెయ్యి.
పైకి కనపడేవి రెండే పేజీలు,
లోపల పద్నాలుగు.
కత్తి పెట్టందే తెరుచుకోవు.
చీమకు మాత్రం సందులో దోవ ఉండాది.

తిరుపాలు చాలాసేపు ఆ మడతనే తిప్పి తిప్పి చూసేడు.
"పూర్తిగా ఇట్టా కాదు," అన్నేడు.
"ఎవురన్నా చూసినారా వాటిని?"
"లేదక్కా. నిజమో కాదో కూడా తెలీదు ఇంకా."
అదీ, ఆ మాటకే నాకు నమ్మకం కుదిరింది.

డబ్బులు తీసుకోలేదు.
తెల్లకాగితాలు ఆరు ఫారాలు కుట్టి
ఎర్ర కాలికో గుడ్డ వేసి ఇచ్చినా:
"నాకు అర్థమయ్యేటట్టు రాయి.
లెక్క అడ్డమొస్తే ఆ పేజీ వదిలేసి టీ తాగను రా."

టీకి పదకొండుసార్లు వొచ్చేడు.
ఉగాది దాటినాక పుస్తకం తెచ్చేడు.
రాసింది మూడు పేజీలు, అందులో రెండు కొట్టేసి ఉండాయి.
మిగిలిన దాంట్లో మొదటి వాక్యం:
"అక్కా, ముందు నీ దారం సంగతి మర్చిపో."

మర్చిపోవాలంట!
జిగురు చల్లారిపోతా ఉన్నా
అక్కడే నిలబడి
రెండో వాక్యం చదవడం మొదలుపెట్టినా.