చూసిన తేదీ

ముప్పై ఒక్క ఏళ్లుగా నేను కామాలు చూసే మనిషిని.
కుతైసీ విశ్వవిద్యాలయం, లైబ్రరీ రెండో అంతస్తు,
హీటరు పక్క బల్ల.
పరిశోధన ఎవరిదైనా, గైడు సంతకానికి ముందు
దాని ఆధారాల పట్టిక నా ఎర్ర పెన్సిలు కింద దూరి వెళ్లాల్సిందే.
ఇంటిపేరు ముందు. పేరు తర్వాత. సంవత్సరం బ్రాకెట్లో.
పిల్లలు వెనకాల నన్నేమంటారో తెలుసు.
అననీ.

మార్చిలో నెస్తాన్ మూడో అధ్యాయం తెచ్చింది.
క్వెవ్రీలు చేసే కుమ్మరుల గురించి –
మనిషి లోపలికి దిగి కడగాల్సినంత గాబులు,
మెడదాకా నేలలో పాతి ద్రాక్షరసం పోస్తారే, అవి.
నలభై ఎనిమిదో ఫుట్‌నోటు దగ్గర పెన్సిలు ఆగింది.
రచయిత: టైర్లషాపు గోచా.

ఇదేం పేరమ్మా, అన్నాను.
వీడియో పెట్టినతను, అంది.
ఎవరు పెడితే వాళ్లే రచయిత కదా మేడమ్.
నిజమే. ఆ నియమం టైపు చేసి గోడకు అంటించింది నేనే.

ఫోను నిఘంటువుకి ఆనించి నిలబెట్టింది.
రాతిగోడ, ఒక కోడి, వానకి ఉబ్బిన తలుపు.
సారె లేదు. ముసలాయన మట్టిని తాడులా పేని
చుట్ట మీద చుట్ట ఎక్కిస్తూ
గాబు చుట్టూ తనే తిరుగుతున్నాడు.
కెమెరా వెనక ఎవరో దగ్గారు.
నాలుగో నిమిషం, పన్నెండో సెకను:
ఆయన ఆగి, ఆరిన కిందిభాగాన్ని వేలి కణుపుతో
ఒక్కసారి కొట్టి
చెవి ఒగ్గాడు.
పదకొండు సెకన్లు. కోడి కూడా మెదల్లేదు.
తర్వాత తల అడ్డంగా ఊపి
పై మూడు చుట్టలూ ఊడదీసి ముద్ద చేసేశాడు.

ఆ పదకొండు సెకన్లే నా అధ్యాయం, అంది నెస్తాన్.
ఆయనకేం వినపడిందో ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

ఆ మనిషి పేరు?
శనివారం మార్ష్రుత్కా ఎక్కి వెళ్లి మరీ అడిగి వచ్చింది.
గోచా టైరు విప్పుతూనే చెప్పాడట:
టేపు మా మామది, నేను కంప్యూటర్లోకి ఎక్కించానంతే.
ముసలాయనది ఈ ఊరు కాదు,
ఆ ఒక్క ఏడు మట్టి బాగుందని వచ్చాడు.
బిచికో అనేవాళ్లనుకుంటా.
బిచికో అంటే మా భాషలో బుడ్డోడు.
డెబ్బై ఏళ్ల బుడ్డోడు.
ఇంటిపేరు గడిలో ఏం రాయమంటారు, అంది.
సంవత్సరమా? తెర మూల పసుపు అంకెలు
జనవరి ఒకటి అంటున్నాయి, ఎవరూ తిప్పని గడియారం.
వెనక తీగ నిండా పచ్చటి ఆకులు.

మే నెలలో చివరి ప్రతి వచ్చింది.
అలవాటు కొద్దీ లింకు నొక్కాను.
బూడిదరంగు పలక. ఈ వీడియో ఇప్పుడు లేదు.

సరిచూడలేని ఆధారాన్ని కొట్టేయాలి.
అదీ నా గోడ మీదే ఉంది, ఏడో వరస.
అలా ఎన్నిటిని కొట్టేశానో, చెయ్యి వణక్కుండా.

పుస్తకం అడగదు, నన్నెప్పుడు చదివావని.
రేపూ ఉంటానన్న ధీమాతో అరలో కూర్చుంటుంది.
వీటికే చివర ఆ గడి, చూసిన తేదీ.
నెల ముందా రోజు ముందా అని
ఎంతమందితో తగవు పడ్డాను దాని కోసం!
సాక్షి వేలిముద్ర వేసే చోటు అదని
ఒక్కనాడూ తట్టలేదు.

నలభై ఎనిమిదిని కొట్టలేదు.
ఎర్రది పక్కన పెట్టి, మామూలు పెన్సిలుతో, అంచున:
మార్చి పద్దెనిమిది, మధ్యాహ్నం. ఇంకొకరు కూడా చూశారు.
మాక్వలా, లైబ్రరీ.
కామా సరైన చోటే పడిందో లేదో.

అందరూ వెళ్లాక
వేలి కణుపుతో హీటరు గొట్టాన్ని కొట్టి చూశాను.
చల్లగా ఉంది, ఆపేసి నెలయింది.
ఏం వినాలో నాకు తెలీదు.
పదకొండు దాకా లెక్కపెట్టాను.